లివింగ్ విల్: వెంటిలేటర్ పెట్టాలా వద్దా.. మన మాట ముందే రాసిపెట్టుకోవడం ఎలా?

సూళ్లూరుపేటలో 74 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారనుకుందాం. తెల్లవారుజామున పక్షవాతం వచ్చి పడిపోయారు. ఊళ్లో డాక్టర్ చూసి 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అన్నారు. పులికాట్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట వినగానే ముందు తేల్చుకోవాల్సింది, అంబులెన్స్ ఎటు తిప్పాలన్నదే. నెల్లూరుకా, తిరుపతికా, చెన్నైకా? చాలామంది చెన్నై హైవే ఎక్కుతారు. అది వంద కిలోమీటర్ల లోపే.

పది రోజులు గడిచాయి. పెద్దాయన వెంటిలేటర్ మీదే ఉన్నారు. కళ్లు తెరవడం లేదు. ఐసీయూ బయట డాక్టర్ కుటుంబాన్ని పిలిచి, 'ఇక కోలుకునే అవకాశం కనిపించడం లేదు. ఏం చేద్దామంటారు?' అని అడిగారు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి అక్కడే ఉన్నాడు. కూతురు అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఉంది. ఒకరు ఇంకొన్ని రోజులు చూద్దామంటారు, ఇంకొకరు నాయనను ఇక బాధపెట్టొద్దంటారు. 'నన్ను గొట్టాలతో కట్టి పడుకోబెట్టొద్దు' అని ఆయన ఎప్పుడో అన్న మాట భార్యకు గుర్తుంది. కానీ ఆ మాట ఎక్కడా రాసి లేదు.

అది రాసిపెట్టుకునే కాగితమే లివింగ్ విల్. కోర్టు తీర్పుల్లో దీన్ని అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అంటారు. దేశంలో 2018 నుంచి దీనికి చట్టబద్ధత ఉంది. 2023 నుంచి రాసుకోవడమూ తేలికైంది. రాయడానికి ఒక పూట చాలు. అయితే రాసిన కాగితం సరైన రోజున, సరైన డాక్టర్ చేతికి అందితేనే ప్రయోజనం. కష్టమంతా అక్కడే ఉంది.

ఇది ఆస్తి వీలునామా లాంటిదేనా?

పేరులో 'విల్' ఉన్నా, ఇది వేరు. ఆస్తి వీలునామా మనం పోయాక అమల్లోకి వస్తుంది. లివింగ్ విల్ మనం బతికుండగా, మన నిర్ణయం మనం చెప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు అమలవుతుంది. ఇందులో ఇల్లు, పొలం, బంగారం గురించి ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా. రెండూ ఒకే కాగితంలో రాస్తే ఐసీయూలో ఆస్తి గొడవ మొదలవుతుంది.

'నేను మా అబ్బాయికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను, అది సరిపోదా?' అని చాలామంది అడుగుతుంటారు. సరిపోదు. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 201 ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మానసిక స్థిమితం కోల్పోతే ఆ ఏజెన్సీ ముగిసిపోతుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజున జీపీఏ పనికిరాకుండా పోతుంది. ఆస్తి వ్యవహారాలకు ఇచ్చిన జీపీఏను చూపించి వైద్యం ఆపమని అడగలేరు.

అంటే ఇది కారుణ్య మరణమా?

ఈ అనుమానం తెలుగువాళ్లకు ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉంది. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వెంకటేష్ అనే పాతికేళ్ల చెస్ క్రీడాకారుడి కేసు దేశమంతా చర్చకు వచ్చింది. కండరాలు క్షీణించే వ్యాధితో ఆసుపత్రిలో ఉన్న అతను, తన అవయవాలు పాడవకముందే దానం చేస్తానని, అందుకు తనను వెళ్లిపోనివ్వాలని కోరాడు. తల్లి కొడుకు కోరికను మోసుకుని కోర్టుకు వెళ్లారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ తర్వాత కొద్ది సమయానికే వెంకటేష్ చనిపోయాడు. 2022లో వచ్చిన హిందీ సినిమా 'సలామ్ వెంకీ' ఈ కథ ఆధారంగా తీసిందే.

వెంకటేష్ అడిగినదాంట్లో రెండు కోరికలు కలిసి ఉన్నాయి. ఒకటి, వెంటిలేటర్ తీసేయమనడం. రెండోది, బ్రెయిన్ డెడ్ కాకముందే అవయవాలు తీసుకోమనడం. ఆ రెండో కోరికకు చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు. ప్రాణం పోయేలా అవయవాలు తీయడం నేరమే. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడమూ నేరమే. లివింగ్ విల్‌తో ఈ రెండింటికీ సంబంధం లేదు. నయమయ్యే ఆశ లేనప్పుడు, చావును వాయిదా వేయడానికి తప్ప ఎందుకూ ఉపయోగపడని చికిత్సను మొదలుపెట్టొద్దనో, పెట్టింది ఆపమనో చెప్పడం వరకే దీని పరిధి. ఆ తర్వాత మనిషిని తీసుకెళ్లేది జబ్బే.

వెంకటేష్ పోయిన మరుసటి ఏడాది, 2005లో, కామన్ కాజ్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు నడుస్తుండగానే 2011 మార్చి 7న అరుణా షాన్‌బాగ్ కేసులో తీర్పు వచ్చింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణ 1973లో దాడికి గురై, 42 ఏళ్లు అదే ఆసుపత్రి మంచం మీద ఉండి 2015లో కన్నుమూశారు. ఆమె విషయంలో చికిత్స ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. కానీ హైకోర్టు అనుమతి ఉంటే కొన్ని కేసుల్లో చికిత్స ఆపవచ్చని తొలిసారి చెప్పింది. చివరికి 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. లివింగ్ విల్‌కు చట్టబద్ధత వచ్చింది ఆ రోజే.

2023లో ఏం మారింది?

హక్కు వచ్చింది కానీ, దాన్ని వాడుకునే దారి సామాన్యులు నడిచేలా లేదు. 2018 తీర్పు ప్రకారం లివింగ్ విల్ మీద జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ సంతకం ఉండాలి. తర్వాత రెండో దశ వైద్య బోర్డును కలెక్టర్ వేయాలి. మేజిస్ట్రేట్ ఆసుపత్రికి వచ్చి రోగిని చూడాలి. ఐసీయూలో రోజుకు వేలకు వేలు కట్టే కుటుంబం ఇన్ని ఆఫీసుల చుట్టూ తిరిగేదెప్పుడు? ఇది ఆచరణలో సాధ్యం కావడం లేదని ఐసీయూ వైద్యుల సంఘం ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ మళ్లీ సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం.జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం నిబంధనలు సడలించింది. మేజిస్ట్రేట్ సంతకం బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. కలెక్టర్ ప్రమేయం లేదు. వైద్య బోర్డులు వీలైనంత వరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. మన తరఫున మాట్లాడేవాళ్లుగా ఒకరి పేరే కాకుండా ఒకరికి మించి రాయవచ్చు. ఇప్పుడు అమల్లో ఉన్నవి ఈ నిబంధనలే. మీరు ఇంటర్నెట్‌లో చదివిన సమాచారంలో 'మేజిస్ట్రేట్ కౌంటర్ సంతకం' అని కనిపిస్తే అది పాతదని గుర్తుపెట్టుకోండి. అలాంటివి ఇంకా చాలా తిరుగుతున్నాయి.

కాగితంలో ఏం రాయాలి?

18 ఏళ్లు నిండి, మానసికంగా ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. జబ్బు చేశాకే రాయాలని లేదు. ఒకరి బలవంతం మీద రాసింది చెల్లదు. సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ఒక ఫారం ఇవ్వలేదు. స్టాంప్ పేపర్ మీదే ఉండాలనో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలనో కూడా అడగలేదు. తెల్లకాగితం మీద రాసినా, టైప్ చేయించినా సరిపోతుంది.

కోర్టు గట్టిగా అడిగింది మాత్రం స్పష్టత. ఏ పరిస్థితిలో, ఏ చికిత్స వద్దనేది అర్థమయ్యేలా ఉండాలి. రాత అస్పష్టంగా ఉందని వైద్య బోర్డు అనుకుంటే దాన్ని పక్కన పెట్టి, కాగితమే లేని రోగికి పాటించే పద్ధతిలో వెళ్తుంది. అంటే 'నన్ను ఇబ్బంది పెట్టొద్దు', 'ప్రశాంతంగా పోనివ్వండి' లాంటి మాటలు రాస్తే రాయనట్టే లెక్క. చాలామంది నమూనాలు వెతుక్కుంటారు కాబట్టి, తెలుగులో ఒకటి ఇలా ఉండవచ్చు:

'నేను, ఫలానా, వయసు ఇంత, ఫలానా చోట నివాసం, మంచి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసుకున్నది. నాకు నయం కాని జబ్బు ముదిరి, సుదీర్ఘంగా చికిత్స జరుగుతున్నా కోలుకునే ఆశ లేదని వైద్యులు నిర్ధారించి, నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు, నాకు వెంటిలేటర్ పెట్టవద్దు, పెట్టి ఉంటే తీసివేయండి. గుండె ఆగితే సీపీఆర్ చేయవద్దు. డయాలసిస్ చేయవద్దు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయవద్దు. నొప్పి, ఆయాసం, ఆందోళన తగ్గించే మందులు మాత్రం చివరి వరకు ఇవ్వండి. ఈ విషయంలో నా తరఫున సమ్మతి తెలిపే వ్యక్తి ఫలానా, ఆ వ్యక్తి అందుబాటులో లేకపోతే ఫలానా. దీని పర్యవసానాలు నాకు తెలుసు. దీన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు నాకుందని కూడా తెలుసు.'

ఇందులో ప్రతి 'వద్దు' మీ ఇష్టం. ముక్కు గొట్టం ద్వారా ఆహారం కావాలా వద్దా అన్నదగ్గర చాలామంది ఆగుతారు. 'తిండి పెట్టకుండా ఎలా?' అని ఇంట్లోవాళ్లకూ అనిపిస్తుంది. అది కావాలనుకుంటే కావాలనే రాయండి. 'పది రోజులు వెంటిలేటర్ మీద ప్రయత్నించండి, మెరుగు లేకపోతే ఆపండి' అని గడువు పెట్టి రాసినా అర్థవంతమే. డయాబెటిస్, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ లాంటివి ముందే ఉన్నవాళ్లు తమ డాక్టర్‌తో కూర్చుని, తమ జబ్బు చివరి దశ ఎలా ఉంటుందో అడిగి తెలుసుకుని రాస్తే కాగితానికి బలం వస్తుంది.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. లివింగ్ విల్ ఉందని పాము కరిచి వచ్చిన మనిషికో, రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవారికో వెంటిలేటర్ పెట్టకుండా వదిలేయరు. అవి కోలుకునే కేసులు. 108లో వచ్చేవాళ్లు కాగితం చదువుతూ కూర్చోరు, ప్రాణం నిలబెట్టే పనే చేస్తారు. చేయాలి కూడా. ఆశ లేదని వైద్యులు తేల్చిన తర్వాతే ఈ కాగితం తెరుస్తారు.

ఎవరి పేరు రాయాలి?

ఈ కథనం రాస్తూ నేనూ ఒకటి రాసుకుందామని కూర్చున్నా. వెంటిలేటర్, డయాలసిస్ వరకు పెన్ను బాగానే నడిచింది. పేరు రాయాల్సిన గీత దగ్గర ఆగిపోయింది. బాగా ప్రేమించే మనిషి పేరు రాస్తే, ఆ రోజున 'ఆపేయండి' అనగలరా? అనలేరేమో. కఠినంగా ఉండగల మనిషి పేరు రాస్తే మిగతావాళ్లు వాళ్లను జీవితాంతం నిందించరా?

తీర్పు ప్రకారం సంరక్షకుడిగా గానీ, దగ్గరి బంధువుగా గానీ ఒకరు లేదా అంతకంటే ఎక్కువమంది పేర్లు రాయాలి. చికిత్స ఆపే ముందు ఆసుపత్రి సమ్మతి తీసుకునేది వీళ్ల నుంచే. మన ఇళ్లలో అలవాటుగా పెద్దకొడుకు పేరు రాసేస్తారు. అంతకంటే ముందు చూడాల్సినవి మూడు ఉన్నాయి: ఆ మనిషి కొన్ని గంటల్లో ఆసుపత్రికి రాగలరా, మీరు ఏమనుకుంటున్నారో మీ నోటితో వాళ్లకు చెప్పారా, చుట్టాలంతా చుట్టూ నిలబడి ఏడుస్తున్నా మీ మాట మీద నిలబడగలరా. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్ల పేరుతోపాటు చెన్నైలోనో, తిరుపతిలోనో ఉండే మేనల్లుడు, తోడికోడలు, తమ్ముడు ఎవరో ఒకరి పేరు రెండోదిగా పెట్టడం మంచిది.

రాశాక ఆ సంగతి మిగతా పిల్లలకూ చెప్పాలి. ఇది కష్టమే. చావు మాట ఎత్తితే 'తథాస్తు దేవతలుంటారు, అశుభం పలకొద్దు' అని నోరు మూయించే ఇళ్లు మనవి. చాలామంది ఈ మాటను పక్కదారిలో మొదలుపెడతారు: 'పక్కింటాయనకు అలా జరిగింది కదా, నాకైతే అలా వద్దు' అని. అలా మొదలుపెట్టినా ఫర్వాలేదు, విన్నవాళ్లకు గుర్తుండిపోతుంది.

సంతకాలు ఎక్కడ? ఎవరి ముందు?

ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. సాక్షులు వీలైనంత వరకు ఇంటితో సంబంధం లేనివాళ్లై ఉండాలని తీర్పు చెబుతోంది. మీ ఆస్తిలో వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడమే మేలు. రేపు ఎవరైనా వేలెత్తి చూపే అవకాశం ఉండదు. వేలిముద్ర వేసేవాళ్లయితే 'చదివి వినిపించాం, అర్థమైందని చెప్పారు' అనే వాక్యం సాక్షుల సంతకాల పైన రాయించండి.

సాక్షుల తర్వాత నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. మీరు ఇష్టపూర్వకంగా, విషయం అర్థం చేసుకుని సంతకం చేశారని వాళ్లు సంతృప్తి చెందాలి. నోటరీలు సాధారణంగా కోర్టుల దగ్గర ఉంటారు. గెజిటెడ్ అధికారి అంటే ఎక్కడో ఉండరు. తహసీల్దార్, ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు కూడా ఆ కోవలోకే వస్తారు. అయితే మీకు చికిత్స చేస్తున్న డాక్టర్‌తో కాకుండా వేరేవారితో చేయించుకోవడం మంచిది. నోటరీ దగ్గరికి వెళ్లినప్పుడు 'లివింగ్ విల్' అనగానే ఆస్తి వీలునామా ఫార్మాట్ తీసే ప్రమాదం ఉంది. మీ కాగితం మీరే సిద్ధం చేసుకుని వెళ్లండి.

పులికాట్ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. రాసేది ఆంధ్రలో, అవసరపడేది తమిళనాడులో కావొచ్చు. తీర్పు సుప్రీంకోర్టుది కాబట్టి దేశమంతటా చెల్లుతుంది, రాష్ట్రం మారితే మళ్లీ రాయాల్సిన పనిలేదు. చిక్కు భాషతోనే వస్తుంది. సూళ్లూరుపేటలో తెలుగులో చక్కగా రాసిన కాగితాన్ని చెన్నైలో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్ చదవలేకపోతే ఏం లాభం? ఒకే పత్రంలో పైన తెలుగు, కింద ఇంగ్లిష్ ఉండేలా రాయించి, రెండింటికీ కలిపి సంతకాలు, ధ్రువీకరణ చేయించుకోండి. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం వైపు వాళ్లకే కాదు, వెల్లూరుకు వెళ్లే చిత్తూరు వాళ్లకు, బెంగళూరు వెళ్లే మదనపల్లె వాళ్లకూ ఇది వర్తిస్తుంది.

రాసిన కాగితం బీరువాలో పెడితే?

బీరువాలో పెట్టిన లివింగ్ విల్ కర్మకాండలు అయ్యాక దొరుకుతుంది. అందుకే కాపీలు ఎవరికి ఇవ్వాలన్నది కూడా తీర్పులోనే ఉంది. కాగితంలో పేరున్న వ్యక్తులకు ఒకటి, కుటుంబ వైద్యుడు ఉంటే ఆయనకు ఒకటి ఇవ్వాలి. మూడోది మున్సిపాలిటీ లేదా పంచాయతీకి. ఈ పత్రాలను భద్రపరచడానికి స్థానిక సంస్థలు ఒక అధికారిని కస్టోడియన్‌గా నియమించాలని కోర్టు చెప్పింది. రేపు ఆసుపత్రికి అనుమానం వస్తే, ఈ కాగితం అసలుదేనా అని సరిచూసుకోవాల్సింది వాళ్ల దగ్గరే.

గోవాలో 2024 మేలో బాంబే హైకోర్టు గోవా ధర్మాసనంలోని జస్టిస్ ఎం.ఎస్.సోనక్ లివింగ్ విల్ నమోదు చేసుకోవడంతో అక్కడ ఈ ప్రక్రియ మొదలైంది. కర్ణాటక ఆరోగ్యశాఖ 2025 జనవరిలో సుప్రీం మార్గదర్శకాల అమలుకు ఉత్తర్వులు ఇచ్చింది. మన దగ్గర మున్సిపల్ ఆఫీసు కౌంటర్‌లో ఈ కాగితం పెడితే 'ఇదేంటి, ఏ సెక్షన్‌కు పంపాలి?' అనే ప్రశ్న ఎదురుకావచ్చు. వెనక్కి తెచ్చుకోకండి. సూళ్లూరుపేట పట్టణమైతే మున్సిపల్ కమిషనర్ పేరిట, ఊళ్లలో అయితే పంచాయతీ కార్యదర్శి పేరిట ఒక కవరింగ్ లెటర్ రాయండి. అందులో కామన్ కాజ్ కేసు, 2018 మార్చి 9, 2023 జనవరి 24 తీర్పుల తేదీలు రాసి, లివింగ్ విల్ కాపీ జతచేసి ఇచ్చి, మీ దగ్గరి కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. నేరుగా తీసుకోకపోతే రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. ఆ రసీదు కూడా పత్రంతోనే ఉంచాలి.

ఇరకం దీవి లాంటి చోట్ల ఉండేవాళ్లు ఆసుపత్రికి బయల్దేరాలంటే ముందు పడవ ఎక్కాలి. ఆ హడావుడిలో ఫైలు ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఫోన్‌లో పీడీఎఫ్ ఉంచుకోండి. పేరు రాసిన ఇద్దరికీ వాట్సాప్‌లో పంపండి, కానీ గ్రూపులో పెట్టొద్దు. డిజిటల్ హెల్త్ రికార్డుల్లో భాగంగా పెట్టుకోవచ్చని 2023 ఉత్తర్వు కూడా చెబుతోంది. పర్సులో ఆధార్ వెనక ఒక చిన్న చీటీ ఉంచినా మంచిదే: 'నాకు లివింగ్ విల్ ఉంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అని.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

ఇప్పుడు మొదట చెప్పుకున్న పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆయన కాగితం రాసిపెట్టారనుకుందాం. కొడుకు దాన్ని ఐసీయూ డాక్టర్‌కు ఇస్తాడు. డాక్టర్ అది అసలుదో కాదో సరిచూసుకుంటారు. జబ్బు ఏ దశలో ఉంది, వేరే మార్గాలున్నాయా, చికిత్స ఆపితే ఏమవుతుంది అన్నవి కాగితంలో పేరున్న వాళ్లకు వివరించాలి.

తర్వాత ఆసుపత్రి ప్రాథమిక వైద్య బోర్డు వేస్తుంది. చికిత్స చేస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు అందులో ఉంటారు. వాళ్లు రోగిని చూసి, వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. చికిత్స ఆపవచ్చని వాళ్లు అంటే, అదే ఆసుపత్రి రెండో బోర్డు వేస్తుంది. ఇందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టర్, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు ఉంటారు. ఏపీలో ఆ హోదా డీఎంహెచ్‌ఓది. ఆసుపత్రి చెన్నైలో ఉంటే అక్కడి జిల్లా అధికారి చూస్తారు, తిరుపతి నుంచి ఎవరూ వెళ్లక్కర్లేదు. వీళ్లూ వీలైతే 48 గంటల్లో చెప్పాలి. రెండు బోర్డులూ ఒప్పుకుని, కాగితంలో పేరున్న వాళ్లు సమ్మతిస్తే, ఆసుపత్రి ఆ నిర్ణయాన్ని మేజిస్ట్రేట్‌కు తెలియజేసి అమలు చేస్తుంది. తెలియజేయడమే, అనుమతి కోసం ఎదురుచూడటం కాదు.

బోర్డు కాదంటే? పేరున్న వ్యక్తులు గానీ, కుటుంబ సభ్యులు గానీ, డాక్టర్లు గానీ ఆర్టికల్ 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

కాగితం లేకపోతే దారి మూసుకుపోయినట్టేనా? లేదు. కుటుంబ సభ్యుల సమ్మతితో ఇవే రెండు బోర్డుల పద్ధతి నడుస్తుంది. తేడా ఏంటంటే, అప్పుడు రోగి ఏమనుకునేవారో ఊహించాల్సిన బరువు ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. అందరూ ఒక మాట మీదకు రాకపోతే అక్కడే ఆగిపోతుంది. రోగి స్పృహలో ఉండి, విషయం అర్థమై మాట్లాడగలిగితే మాత్రం ఏ కాగితంతోనూ పనిలేదు. చికిత్స కావాలో వద్దో అప్పటికప్పుడు చెప్పే హక్కు ఆయనదే.

డబ్బు మాటేంటి?

నిజం చెప్పాలంటే ఐసీయూల బయట ఇలాంటి నిర్ణయాలు ఇప్పటికీ ఎక్కువగా వేరే దారిలో జరుగుతున్నాయి. 'వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం' అనే కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేస్తారు. దారి పొడుగునా అంబులెన్స్‌లో ఎవరో ఒకరు చేత్తో గాలి బుడగ నొక్కుతూ వస్తారు, ఇంటికి చేరాక ఆపేస్తారు. రోగికి నొప్పి మందు ఉండదు, ఆయాసం తగ్గించే మందు ఉండదు. సంతకం పెట్టిన కొడుక్కి 'మేమే తెచ్చేశాం' అన్న బాధ ఉండిపోతుంది. లివింగ్ విల్ పద్ధతిలో వెంటిలేటర్ ఆపినా వైద్యం ఆగదు. నొప్పి, ఆయాసం తగ్గించే ఉపశమన చికిత్స కొనసాగించాలి. దాన్ని అడగడం మీ హక్కు, అందుకే పైన నమూనాలో ఆ వాక్యం ఉంది.

అయితే 'ఖర్చు భరించలేం' అన్నదానికి లివింగ్ విల్ మందు కాదు. 2016లో అప్పటి చిత్తూరు జిల్లాలోని తంబళ్లపల్లె కోర్టుకు ఒక జంట తమ నెలల పాప కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వాలంటూ వెళ్లింది. పాపకు కాలేయ జబ్బు, వాళ్ల దగ్గర డబ్బు లేదు. వార్త బయటికి రావడంతో ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది. పాపకు కాలేయ మార్పిడి జరిగింది. ఆ పాపది నయం కాని జబ్బు కాదు, కొనలేని వైద్యం. ఈ రెండింటినీ కలపకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు 'మీకు భారం కాకూడదు' అని లివింగ్ విల్ రాస్తానంటే, ముందు ఆ మాట గురించి మాట్లాడాలి. భారం అనే భయంతో రాసిన కాగితాన్ని ఇష్టపూర్వకం అనడం కష్టం. వైద్య బోర్డులు రెండు ఉండటానికి ఒక కారణం కూడా ఇదే.

మనసు మార్చుకుంటే?

ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. రద్దు కూడా రాతపూర్వకంగానే ఉండాలి. ఒకటికి మించి పత్రాలు ఉంటే చివరగా సంతకం చేసిందే చెల్లుతుంది. పాత కాపీలు తీసుకున్నవాళ్లందరి నుంచీ వాటిని వెనక్కి తెప్పించుకోవడం మాత్రం మీ పనే. వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌తో సహా. కొత్త జబ్బు బయటపడినప్పుడు, పేరు రాసిన మనిషి చనిపోయినప్పుడు, దూరమైనప్పుడు ఒకసారి తీసి చదువుకోండి.

అవయవ దానం చేయాలనుకునేవాళ్లు దానికి వేరుగా జీవన్‌దాన్‌లో నమోదు చేసుకోవాలి. మానసిక అనారోగ్యం వస్తే ఎలాంటి చికిత్స కావాలో ముందే చెప్పడానికి మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 కింద ఇంకో పత్రం ఉంది. లివింగ్ విల్‌తో అవి రెండూ కలవవు. కాగితం పని మొదలుపెట్టేవాళ్లు ఈ ఆదివారం ఇద్దరు సాక్షులను అడిగి పెట్టుకుంటే, సోమవారం ఉదయం నోటరీ దగ్గర పని అయిపోతుంది. వెళ్లేటప్పుడు ఆధార్, కనీసం నాలుగు కాపీలు తీసుకెళ్లండి: మీకొకటి, పేరు రాసిన ఇద్దరికి చెరొకటి, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి ఒకటి. కుటుంబ వైద్యుడు ఉంటే ఐదు.